పెరిగిందంటారు, తగ్గిందంటారు... ఏది నిజం?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: మన దేశం గాలిలోకి వదిలే, భూమిని వేడెక్కించే వాయువుల లెక్క. థర్మల్ విద్యుత్ కేంద్రం ల్యాబ్‌లో 29 ఏళ్లు బొగ్గు పరీక్షలు చేసి రిటైరైన మనిషిని. ఈ ప్రశ్నలకు జవాబు రాయడమంటే నాకు మళ్లీ డ్యూటీకి వెళ్లినట్టే ఉంది. అందుకే ఈసారి పేజీ మొత్తం వీటికే.

ప్ర: గ్రూప్-2కి చదువుతున్నాను. మన దేశ గ్రీన్‌హౌస్ ఉద్గారాలు 36 శాతం తగ్గాయని ఒక చోట, రెట్టింపయ్యాయని ఇంకో చోట ఉంది. 2016 సంవత్సరం లెక్క ఒక పుస్తకంలో 284 కోట్ల టన్నులు, మరో దాంట్లో 253 కోట్ల టన్నులు. పరీక్షలో ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, ఖమ్మం

జ: నాలుగూ నిజమేనమ్మా. నాలుగూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పుస్తకాలవాళ్లు జవాబు అచ్చేసి ప్రశ్న వదిలేశారు, గొడవంతా అక్కడే వచ్చింది.

ముందు 284, 253 సంగతి. మీది ఖమ్మం కాబట్టి మిర్చి యార్డు చూసే ఉంటారు. బస్తాతో తూకం ఒకటి, తరుగు తీసేశాక తూకం ఒకటి. కరెంటు, ఫ్యాక్టరీలు, వాహనాలు, పొలాలు, పశువులు, చెత్త, వీటన్నిటి నుంచి 2016లో వెలువడింది 284 కోట్ల టన్నులు (మీథేన్‌లాంటి వాయువులను కూడా కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చి కట్టిన లెక్క). దీన్ని స్థూల లెక్క అంటారు. అదే ఏడాది మన అడవులు, చెట్లు, నేల కలిసి దాదాపు 31 కోట్ల టన్నులు పీల్చుకున్నాయని అంచనా. అది తీసేస్తే మిగిలేది 253. ఇది నికర లెక్క. రెండూ కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి పంపిన ఒకే నివేదికలోవి.

ఇప్పుడు ‘ఎలా మారుతూ వచ్చింది’ అన్నది. మొదటిసారి 1994 సంవత్సరానికి లెక్క కట్టి 2004లో పంపారు. అప్పటి నుంచి స్థూల లెక్కలు వరసగా చెబుతాను, కోట్ల టన్నుల్లో రాసుకోండి. 1994లో 121. 2000లో 152. 2007లో 190. 2010లో 214. 2014లో 261. 2016లో 284. 2019లో 313. 2020లో 296.

అంకెలు బట్టీ పట్టి ఊరుకోకండి, ఒకదాన్నుంచి ఒకటి తీసేసి చూడండి. 1994 నుంచి 2000 దాకా ఏడాదికి సుమారు 5 కోట్ల టన్నుల చొప్పున పెరిగింది. 2010 నుంచి 2014 మధ్య ఏడాదికి దాదాపు 12 కోట్లు. 2016 నుంచి 2019 మధ్య 10 కోట్లకు కాస్త తక్కువ. అంటే పెరుగుదల ఆగలేదు గానీ, మధ్యలో అందుకున్న వేగం ఆ తర్వాత కొంచెం నెమ్మదించింది. మొత్తాన్ని చూసి ‘పెరిగింది’ అని ఊరుకుంటే ఇది కనిపించదు.

ఈ పెరుగుదలలో సింహభాగం ఇంధనానిది. 1994లో ఇంధనం మండించడం వల్ల వచ్చింది 74 కోట్ల టన్నులు, 2020కి 224 కోట్లు. మూడు రెట్లు. దేశంలో తవ్వే బొగ్గు అప్పట్లో ఏడాదికి 25 కోట్ల టన్నులుండేది, 2024-25లో వంద కోట్లు దాటింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మగారి ఊళ్లో సాయంత్రం ఆరింటికి పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. పిల్లలు పరీక్షలకు కిరసనాయిలు దీపం ముందు కూర్చునేవారు. ఇప్పుడు అదే వీధిలో ప్రతి ఇంట్లో ఫ్రిజ్ ఉంది, ప్రతి చేలో మోటారుంది. ఆ 74 నుంచి 224కి వెళ్లిన దారిలో ఆ దీపం ఆరిపోయి బల్బు వెలగడం కూడా ఉంది. దాన్ని తప్పు అని నేను ఎప్పటికీ అనను.

2020లో తగ్గిన 17 కోట్లు మాత్రం ధోరణి కాదు, లాక్‌డౌన్. నివేదికలో ‘2019తో పోలిస్తే 7.93 శాతం తగ్గుదల’ అని ఉన్నది నికర లెక్క, స్థూలంలో అది ఐదున్నర శాతం దగ్గర. ఆ ఏప్రిల్‌లో నాతో పనిచేసిన స్నేహితురాలు ఫోన్ చేసి, యూనిట్లన్నీ లోడు తగ్గించి నడుపుతున్నారని, ల్యాబ్‌లో చేతుల నిండా పని లేక ఏదోలా ఉందని చెప్పింది. ఫ్యాక్టరీలు మూతపడితే వచ్చిన తగ్గుదలను విజయంగా రాయకండి.

ఇక 36 శాతం. ఇది ఉద్గార తీవ్రత, అంటే దేశం సంపాదించే ప్రతి రూపాయికీ ఎంత వాయువు వదిలామన్న లెక్క. ఒక టిఫిన్ సెంటర్ అనుకోండి. అప్పట్లో వెయ్యి ప్లేట్ల ఇడ్లీకి పది సిలిండర్లు అయ్యేవి. మంచి బర్నర్లు పెట్టాక ఆరున్నరకు దగ్గర పడింది. ప్లేటుకు ఖర్చు 36 శాతం తగ్గింది, నిజం. కానీ ఇప్పుడు అమ్మేది రెండున్నర వేల ప్లేట్లయితే? నెలకు పదహారు సిలిండర్లు. అదీ నిజమే. 2005 నుంచి 2020 మధ్య మన దేశంలో జరిగింది ఇదే తీరు.

‘రెట్టింపు’ అన్నది 1994 నికర లెక్కను 2020 నికర లెక్కతో పోల్చినది: 123 కోట్ల నుంచి 244 కోట్లకు, 98 శాతం. (1994లో అడవులు, నేల పీల్చుకున్న దానికన్నా వదిలిందే కాస్త ఎక్కువని లెక్క, అందుకే ఆ ఏడాది నికరం 123, స్థూలం 121.) అదే స్థూల లెక్కతో చూస్తే రెండున్నర రెట్లకు దగ్గరవుతుంది.

కాబట్టి జవాబు రాసేటప్పుడు మూడూ రాయండి: ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరానికి, స్థూలమా నికరమా, మొత్తమా తీవ్రతా. మన దేశం 2015లో ఇచ్చిన మాట (2030కల్లా 33–35 శాతం), 2022లో పెంచిన మాట (45 శాతం) రెండూ తీవ్రత గురించే. మొత్తాన్ని తగ్గిస్తామని 2030కి మాట ఇవ్వలేదు. మొత్తం నికరంగా సున్నాకు రావడానికి పెట్టుకున్న గడువు 2070. ఈ తేడా మీద ప్రశ్న అడిగే అవకాశం ఎక్కువ. తలసరి లెక్క కూడా ఒక వాక్యం రాయండి. ఒక్క కార్బన్ డయాక్సైడ్ మాత్రమే తీసుకుంటే మనిషికి ఏడాదికి మనది సుమారు 2 టన్నులు, ప్రపంచ సగటు దానికి రెండింతల పైన, అమెరికాది 14 టన్నుల దగ్గర.

ప్ర: కిలో బొగ్గు కాలిస్తే కిలోన్నర కార్బన్ డయాక్సైడ్ వస్తుందని మా సార్ చెప్పారు. కిలోలోంచి కిలోన్నర ఎలా వస్తుంది? – ఎనిమిదో తరగతి విద్యార్థి, జగిత్యాల

జ: మంచి ప్రశ్న నాన్నా. ఇదే ప్రశ్న నేను ఇంటర్‌లో అడిగితే కూర్చోమన్నారు. మీ సార్ చెప్పింది సరైనదే.

బొగ్గులోని కార్బన్ కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను తనతో కలుపుకొంటుంది. కార్బన్ బరువు 12 అనుకుంటే అది పట్టుకునే ఆక్సిజన్ బరువు 32. కలిసి 44. అంటే 12 గ్రాముల కార్బన్ 44 గ్రాముల వాయువు అవుతుంది. మన థర్మల్ కేంద్రాలకు వచ్చే కిలో బొగ్గులో మామూలుగా 400 గ్రాముల కార్బన్ ఉంటుంది, మిగతాది బూడిద, తేమ వగైరా. 400ని 44తో హెచ్చవేసి 12తో భాగించు. 1,467 గ్రాములు. ఆ పెరిగిన బరువంతా గాలిలోంచి వచ్చింది.

ఆ 400 అన్న అంకె ఎలా తెలుస్తుందో కూడా చెబుతాను, ఎందుకంటే దేశం లెక్క అంతా ఇక్కడే మొదలవుతుంది. ఒక గూడ్సు రైలు బొగ్గు తెచ్చిందంటే సుమారు నాలుగు వేల టన్నులు. వ్యాగన్లలో అక్కడక్కడా తీసిన బొగ్గును నలగగొట్టి, రేకు మీద గుండ్రంగా కుప్ప పోస్తాం. కుప్ప నెత్తిని పలకతో అదిమి చదును చేసి, ప్లస్ గుర్తులా గీత గీసి నాలుగు పాళ్లు చేస్తాం. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్లు ఉంచి మిగతా రెండు తీసేస్తాం. ఉంచిందాన్ని మళ్లీ నలగగొట్టి, మళ్లీ కుప్ప, మళ్లీ నాలుగు పాళ్లు. చివరికి కాటుకలాంటి మెత్తటి పొడి మిగులుతుంది. అందులోంచి ఒక్క గ్రాము పింగాణీ గిన్నెలో తూచి, 815 డిగ్రీల కొలిమిలో పెడతాం. మిగిలిన బూడిద మన బొగ్గుకైతే లేత ఇటుక రంగులో ఉంటుంది, గ్రాములో మూడో వంతు పైనే. ఇంకో గ్రాముతో వేడి ఎంత ఇస్తుందో, ఇంకొంచెంతో కార్బన్ ఎంతుందో చూస్తాం.

నాలుగు వేల టన్నులకు గ్రాము సాక్షి అన్నమాట. కుప్ప పోసేటప్పుడు పెద్ద రాళ్లు అంచుకు జారిపోయినా, పొడి గాలికి ఎగిరిపోయినా సాక్షి తప్పు చెబుతుంది. నా 29 ఏళ్లలో నాకు బాగా కోపం వచ్చిన రోజులు ఈ కుప్ప దగ్గర ఎవరైనా తొందరపడ్డ రోజులే.

ప్ర: నేను పదెకరాల వరి రైతుని. వరి పొలం వల్ల భూమి వేడెక్కుతోందని మొన్న ఒక మీటింగులో చెప్పారు. ఫ్యాక్టరీలు, కార్లు వదిలేసి రైతు మీద పడ్డారేమిటి అనిపించింది. ఇందులో నిజమెంత? – ఒక రైతు, మిర్యాలగూడ

జ: మీ బాధ న్యాయమైనదే అన్నగారూ. నిజం కొంత ఉంది, కానీ అది ఒకప్పుడు మన రైతు మీద వేసినంత లేదు. ఆ కథ చెప్పాలి.

నీళ్లు నిలిచిన మడిలో కాలు పెట్టినప్పుడు వేళ్ల సందుల్లోంచి బుడగలు పైకొస్తాయి చూడండి. ఆ బుడగల్లో ఉండేది ఎక్కువగా మీథేన్. నీటి కింద గాలి ఆడని బురదలో పాత మోళ్లు, ఆకులు, ఎరువు కుళ్లి అది తయారవుతుంది. బుడగలుగా వచ్చేది కొంతే. ఎక్కువ భాగం వరి కాడలో ఉండే సన్నటి గాలి దారుల్లోంచి పైకి పోతుంది.

1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ ఒక అంచనా వేసింది. భారతదేశపు వరి పొలాల నుంచి ఏడాదికి 3.78 కోట్ల టన్నుల మీథేన్ వస్తోందని. మన మడి కొలిచి చెప్పింది కాదది. అమెరికా, యూరప్ పొలాల్లో కొలిచిన దాన్ని మన విస్తీర్ణంతో హెచ్చవేశారు. మన నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, వాన మీదే ఆధారపడ్డ వరి ఎక్కువ, చాలా చోట్ల నీళ్లు పంటకాలమంతా నిలవవు. అవేవీ లెక్కలోకి రాలేదు.

ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్త డాక్టర్ ఎ.పి. మిత్రా ఆధ్వర్యంలో 1991లో దేశంలోని వరి ప్రాంతాల్లో నేరుగా కొలవడం మొదలుపెట్టారు. పద్ధతి వింటే సింపుల్‌గా ఉంటుంది. వరి దుబ్బుల మీద అవతలికి కనిపించే అక్రిలిక్ పెట్టె బోర్లిస్తారు. అడుగున గాలి చొరబడకుండా నీళ్లతో బిగిస్తారు. కొన్ని నిమిషాలకోసారి సిరంజితో లోపలి గాలి తీసి, సీసాలకెక్కించి, అందులో మీథేన్ ఎంత పెరిగిందో ల్యాబ్‌లో చూస్తారు. ఎండలో, మోకాలి లోతు బురదలో, పంట వేసిన దగ్గర్నుంచి కోసే దాకా. అంతా కొలిచి తేల్చింది సుమారు 40 లక్షల టన్నులు. 3.78 కోట్లు ఎక్కడ, 40 లక్షలు ఎక్కడ!

ఇది చిన్న దిద్దుబాటు కాదు. అప్పటి లెక్క ప్రకారం టన్ను మీథేన్‌ను 21 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానంగా కట్టేవారు. ఆ తేడా దాదాపు 71 కోట్ల టన్నులు. 1994లో దేశం మొత్తం వదిలిందే 121 కోట్లు అని పైన రాశాను కదా, అందులో సగానికి మించిన భారం మన వరి రైతు చెయ్యకుండానే మోయాల్సి వచ్చేది. బురదలో నిలబడి సిరంజిలు పట్టుకున్న ఆ మనుషులంటే నాకు చాలా గౌరవం.

ఇప్పటి సంగతి. వ్యవసాయం వాటా దేశం మొత్తంలో 1994లో 28 శాతం, 2020లో 14 శాతానికి లోపు. దీన్ని చూసి వ్యవసాయ ఉద్గారాలు సగమయ్యాయని కొందరు మీటింగుల్లో చెబుతారు, అది పొరపాటు. పరిమాణం 34 కోట్ల టన్నుల నుంచి 41 కోట్లకు కొంచెం పెరిగింది. బొగ్గు అంతకు ఎన్నో రెట్లు పెరగడంతో వాటా తగ్గినట్టు కనిపిస్తోంది. ఆ వ్యవసాయంలోనూ సగానికి పైగా పశువుల నెమరు నుంచి వచ్చేది. 2016 లెక్కలో వరిది ఐదో వంతు కూడా లేదు.

మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను, ఇది వాయువు కోసం కాకపోయినా నీటి కోసం, మోటారు కరెంటు కోసం చేయదగ్గది. మడిని అప్పుడప్పుడూ ఆరనిచ్చి మళ్లీ తడపడం. జానెడున్నర పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగంలో చిల్లులు పెట్టి మడిలో దిగ్గొట్టండి. గొట్టంలో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు మళ్లీ తడి ఇవ్వండి. పూత దశలో మాత్రం ఆరనివ్వొద్దు. బురదకు గాలి తగలడంతో మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. ఆరి తడిసే మడిలో యూరియా ఎక్కువ గుమ్మరిస్తే నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వాయువు పెరుగుతుంది కాబట్టి దఫదఫాలుగా వేయండి. పదెకరాల్లో ముందు ఒక ఎకరంలో చేసి చూడండి.

ప్ర: నేను నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రైల్లో వెళ్తుంటే రాట్‌క్లిఫ్ థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదీ కనిపిస్తాయి. 2024 సెప్టెంబరు 30న దాన్ని మూసేశారు. ఇక్కడ బొగ్గు కరెంటు అయిపోయింది. 1990తో పోలిస్తే ఈ దేశం ఉద్గారాలు సగమయ్యాయి. మనం ఎందుకు చెయ్యలేకపోతున్నాం? – ఒక పాఠకుడు, బ్రిటన్

జ: సగమైన మాట నిజం తమ్ముడూ. దాదాపు 80 కోట్ల టన్నుల నుంచి 40 కోట్లకు లోపలికి వచ్చింది. కానీ ఎలా తగ్గిందో కూడా చూడాలి. 1990ల్లో కరెంటు కోసం బొగ్గు బదులు నార్త్ సీ గ్యాస్ మండించడం మొదలుపెట్టారు. 2013లో బొగ్గు కరెంటు మీద కార్బన్ ధర కనీస మట్టం, అంటే వదిలే ప్రతి టన్నుకూ ఇంతకు తగ్గకుండా కట్టాలన్న నిబంధన పెట్టారు. 2012లో వాళ్ల కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే, పన్నెండేళ్లలో సున్నాకు తెచ్చారు. సముద్రంలో గాలిమరలు నిలిపారు. ఇవి నిజమైన పనులు, మెచ్చుకోవాలి. దాంతో పాటు చాలా ఫ్యాక్టరీలు వేరే దేశాలకు పోయాయి. అక్కడ తయారై బ్రిటన్‌కు వచ్చే సరుకు వెనకున్న వాయువు ఆ తయారుచేసిన దేశం ఖాతాలో పడుతుంది. 1882లో లండన్‌లో బొగ్గుతో కరెంటు పుట్టించడం మొదలుపెట్టినవాళ్లకు 142 ఏళ్లు పట్టింది దాన్ని ఆపడానికి.

మీరు ఎనిమిది టవర్లంటే నాకు పాల్వంచ గుర్తొచ్చింది. కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో పాత 720 మెగావాట్ల ప్లాంటు టవర్లు కూడా ఎనిమిదే. 2024 ఆగస్టు 5న, రాట్‌క్లిఫ్ ఆగడానికి ఎనిమిది వారాల ముందు, పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. ఆ రోజు నేను పాల్వంచలో మా ఆడపడుచు ఇంట్లోనే ఉన్నాను. నడుము దగ్గర సన్నగా ఉండే ఆ టవర్ ముందు నడుము దగ్గర వంగినట్టయి, కుండ నేలకు కూలినట్టు తన మీద తానే కూలింది. సిమెంటు దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక వెనక ఏడో దశ చిమ్నీ కనిపించింది. 2018 డిసెంబరులో మొదలైన 800 మెగావాట్ల కొత్త యూనిట్ అది. ఆవిరి ఒత్తిడి, వేడి ఎక్కువ కాబట్టి పాత యూనిట్ల కన్నా తక్కువ బొగ్గుతో యూనిట్ కరెంటు ఇస్తుంది. మీ దగ్గర టవర్ల కింద పొయ్యి ఆరింది. మా దగ్గర పాత పొయ్యి తీసి మంచి పొయ్యి పెట్టారు. పైన ఖమ్మం అమ్మాయికి చెప్పిన తీవ్రత, మొత్తం అన్న తేడాను ఆ రోజు నేను కళ్లతో చూశాను.

2025 జూన్‌కి మన దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానివే అయ్యాయి. 2030కల్లా సగానికి చేరుస్తామన్న మాట ఐదేళ్ల ముందే నెగ్గినట్టు. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. రాత్రి సోలార్ పనిచేయదు కదా. పుట్టిన కరెంటులో 2024-25లోనూ నూటికి 70కి పైగా బొగ్గుదే. ఇవాళ కొబ్బరికాయ కొట్టే కొత్త యూనిట్ తక్కువలో తక్కువ పాతికేళ్లు నడుస్తుంది, నా మనవరాలికి పెళ్లయి పిల్లలు పుట్టే దాకా. తలసరి మనది తక్కువ కాబట్టి కట్టుకునే హక్కుందని వాదించవచ్చు, ఆ వాదన నిజాయితీ గలదే. నాకు మాత్రం ఆ డబ్బు బ్యాటరీల్లో, పంప్డ్ స్టోరేజీలో (కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి ఎక్కించి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి) పెట్టాలని ఉంటుంది. బొగ్గు పరీక్ష చేసి బతికిన మనిషి చెప్పే మాట ఇది.

ప్ర: మా ఇంటి లెక్క మేమే కట్టుకోవచ్చా? – ఒక గృహిణి, తణుకు

జ: కట్టుకోవచ్చు. కరెంటు బిల్లులో యూనిట్లు చూసి 0.7తో హెచ్చవేయండి. 200 యూనిట్లయితే 140 కిలోల కార్బన్ డయాక్సైడ్. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ ఒకటి అయిపోతే సుమారు 42 కిలోలు. బండికి పది లీటర్ల పెట్రోలు పోయిస్తే 23 కిలోలు. ఇంటికి వచ్చే బియ్యం, సిమెంటు, బట్టలవి వేరే, అవి ఇంట్లో కొలవలేం.

నేను మా ఇంటి లెక్క వంటింటి క్యాలెండర్ వెనక రాస్తాను. మే నెల అంకె డిసెంబరుకు రెండింతలు ఉంటుంది, ఏసీ వల్ల. మీరూ మూడు నెలలు రాసి పంపండి. ఇంట్లో ఎందరున్నారో, ఏసీ ఎన్ని గంటలు తిరుగుతుందో, ఎన్ని డిగ్రీల మీద పెడతారో కూడా రాయండి.